బొట్టు పెట్టిన విమానాలు

మా అన్నయ్య చిన్నప్పుడు యుద్ధ విమానాల బొమ్మలు తయారు చేసేవాడన్న మాట అబద్ధం. ఇంత సూటిగా మొదలుపెట్టడం మర్యాద కాదని నాకూ తెలుసు. మా వైపు ఒకరి మాట కాదనాలంటే ముందు నాలుగు అండీలు, రెండు ఆయ్‌లు ఖర్చుపెట్టి, వాళ్ళింట్లో కాఫీ తాగి, గుమ్మం దిగబోతూ చెప్పులు వేసుకుంటూ అసలు సంగతి అంటారు. నాకు అంత ఓపిక ఎప్పుడూ లేదు. అందుకే మా చుట్టాల్లో నాకు వాదన కోసమే పుట్టిందన్న పేరు స్థిరపడిపోయింది. పోనీ, ఒక పేరైతే ఉంది కదా. నా చేతులతో చేసిన వస్తువుల మీద మాత్రం నా పేరు లేదు. ఆ గొడవే ఇది.

అమలాపురంలో మా అన్నయ్య నడిపే జూనియర్ కాలేజీలో, ఆఫీసు గది ఎదురుగా ఒక అద్దాల బీరువా ఉంది. అందులో జానెడేసి పొడవున్న ఐదు ప్లాస్టిక్ విమానాలు, ముక్కులు కాస్త పైకెత్తి, స్టాండ్ల మీద నిలబడి ఉంటాయి. కింద ఇత్తడి రేకు మీద చెక్కించాడు: ‘కరస్పాండెంట్ గారు తమ బాల్యంలో స్వహస్తాలతో నిర్మించిన యుద్ధ విమానాల నమూనాలు.’ స్వహస్తాలు అన్నచోట నాకు ప్రతిసారీ నవ్వొస్తుంది. ఆ హస్తాలతో వాడు మామిడికాయలు కొట్టాడు, కాలవలో ఈత కొట్టాడు, నన్ను కూడా కొట్టాడు. విమానం మాత్రం చెయ్యలేదు. ఇంట్లో అందరూ చెప్పే కథ వేరు. బాబ్జీది, అంటే అన్నయ్యది, పుట్టుకతోనే ఇంజనీరు బుర్ర, బాబాయి మస్కట్ నుంచి పెట్టెలు తెస్తే తిండి మానేసి కూర్చుని అతికించేవాడు, పక్కన చెల్లెలు రంగు డబ్బాలు అందించేది, ఇదీ ఆ కథ. వినేవాళ్ళందరికీ ముద్దొచ్చేది ఆ డబ్బాలు అందించే చెల్లెలే. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. నేను మటుకు కాదు.

బాబాయిగారు ఈ శ్రావణంలో పోయారు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఈ సంగతి ఎత్తకుండా ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో చెప్పాలంటే ముక్తేశ్వరంలో మా ఇల్లూ, మధ్యగదిలో ఆయన సూట్‌కేసు తెరిచే తంతూ చెప్పాలి.

రెండేళ్ళకోసారి వచ్చేవారు ఆయన. మస్కట్‌లో ఒక బొమ్మల కొట్టు గోడౌన్లో పని. రాగానే ఎవరూ సూట్‌కేసు ముట్టుకోకూడదు. ముందు ఆయన తలంటు పోసుకోవాలి, గోంగూర పచ్చడితో అన్నం తినాలి, ఒక కునుకు తియ్యాలి. మేం ఆ సూట్‌కేసు చుట్టూ తిరుగుతూ తాళాల సందుల్లోంచి వచ్చే వాసన పీల్చేవాళ్ళం. సబ్బు, సెంటు, కొత్త ప్లాస్టిక్, ఎక్కడిదో తెలియని చల్లటి గది వాసన, అన్నీ కలిసిన వాసన అది. సాయంత్రం నాలుగింటికి మధ్యగదిలో చాప పరిచి దాన్ని తెరిచేవారు. మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, వెనక గోడకి చేరబడి కూర్చునేది. అమ్మ వంటగది గుమ్మంలో నిలబడేది. పిన్ని ఆయన పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ అందించేది. నాన్నగారు వీధి అరుగు దిగి లోపలికి వచ్చేవారు కాదు. తమ్ముడు తెచ్చిన వస్తువుల కోసం కాచుకుని కూర్చోవడం ఆయనకి నామోషీ. ఆయన లుంగీ, టార్చిలైటూ అరుగు మీదికే వెళ్ళేవి.

ప్రతి వస్తువు మీదా బాబాయి ఆస్పత్రిలో గాయాలకి వేసే తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, నీలం పెన్నుతో పేరు రాసేవారు. ఒకరిది ఒకరికి వెళ్ళి మాటలు పడకూడదని. ‘అమ్మకి’, ‘వదిన గారికి’, ‘బాబ్జీకి’, ‘బేబీకి’. బేబీ అంటే నేను. యాభై దాటినా, రాజోలు హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళుగా ఫిజిక్సు చెబుతున్నా, ఇంట్లో ఇప్పటికీ బేబీనే. పేరు పిలిస్తే లేచి వెళ్ళి రెండు చేతులా అందుకోవాలి. పిలవనిదేదీ మనది కాదు. ఆ ఇంట్లో చట్టం అదే. అలాంటి ఒక సాయంత్రం ‘బాబ్జీకి’ అన్న ప్లాస్టరుతో, మూల నలిగిపోయిన ఒక అట్టపెట్టె వచ్చింది. మూతమీద మబ్బుల్లోంచి దూసుకొస్తున్న యుద్ధ విమానం బొమ్మ. అట్ట నలిగితే కొట్టులో ఎవరూ కొనరని యజమాని ఇచ్చేశాడట. నాకు వచ్చినవి రిబ్బన్లు.

అన్నయ్యకి అప్పుడు పన్నెండు, నాకు పది. వాడి విమాన నిర్మాణం మొత్తం ఎంతసేపు సాగిందో నేను దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతాను. అరగంట. పెట్టె లోపల ముక్కలన్నీ ప్లాస్టిక్ కాడలకి అంటుకుని, గెలకి అరటికాయల్లా ఉన్నాయి. వాటిని ఒడుపుగా కోసుకోవాలి. వాడు మెలితిప్పి పీకాడు. ఒక రెక్క అంచు విరిగింది. జిగురు ట్యూబు సగం పిండేసి, రెండు వేళ్ళు అతుక్కుపోయి, అమ్మ వేడినీళ్ళలో ముంచితే కేకలు పెట్టాడు. పెట్టెని మంచం కిందికి ఒక్క తన్ను తన్ని కాలవకి పోయాడు. నిజానికి అందులో వాడి తప్పేం లేదు. వాడికి ఈత ఇష్టం. అడగకుండా చేతిలో పెట్టిన వస్తువుని ఎవరైనా ఏం చేస్తారు? రిబ్బన్లని నేనూ అదే చేశాను.

మంచం కింద ఊడుస్తుంటే పెట్టె నా చీపురికి తగిలింది. లోపల మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. అందులో అక్షరాలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. ఒకటో ముక్క రెండో ముక్కలోకి, రెండూ కలిపి మూడో దానిలోకి, బాణం గుర్తులతో. చదువుతుంటే వంట నేర్పుతున్నట్టు అనిపించింది. ముందు ఇది, తర్వాత ఇది, తొందరపడితే చెడుతుంది. ఎవరూ నాకు అంత శ్రద్ధగా, కసురుకోకుండా, ఏ పనీ నేర్పలేదు అప్పటిదాకా.

నా కార్ఖానా కొట్టుగది అటక. మా ఇళ్ళల్లో కురిడీ కోసం కొబ్బరికాయల్ని పీచు తీయకుండా అటకమీద నెలల తరబడి ఉంచేస్తారు. లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పకి ఊడి, కాయ ఊపితే గలగలమంటుంది. వర్షాకాలంలో కోనసీమ మొత్తం తడిసి ముద్దయినా, కింద వంటగది వేడి తగిలి ఆ అటక ఒక్కటే పొడిగా ఉండేది. కింద ఇంట్లో అయితే రంగు వారమైనా ఆరేది కాదు. నిచ్చెనెక్కి, కాయల్ని అటూ ఇటూ జరిపి, నడుం వాల్చేంత చోటు చేసుకున్నాను. పాత బ్లేడు, గోళ్ళు తీసే కట్టరు, వడ్రంగి మేస్త్రీని అడిగి తెచ్చుకున్న ఉప్పుకాగితం ముక్క, అతికించినవి ఊడకుండా పట్టి ఉంచడానికి బట్టల క్లిప్పులు. ఇవీ నా పనిముట్లు. రెక్కల అంచులు ఉప్పుకాగితంతో రుద్దితే లేచే సన్నటి తెల్లపొడి, ముక్కులోకి వెళ్ళే జిగురు ఘాటు, కురిడీల కమ్మటి మగ్గిన వాసన. ఇప్పటికీ ఏ కొబ్బరి గోడౌన్ ముందు నుంచి పోతున్నా నా వేళ్ళు వాటంతట అవే ఏదో పట్టుకోబోతాయి.

పెట్టెలో రంగులు రాలేదు. రంగులు రేవులో దొరికాయి. గోదావరి దాటించే పడవలకి ఏడాదికోసారి రంగులు వేసేవారు. అడుగున మిగిలిన ఎనామిల్‌ని చిప్పల్లో పట్టుకొచ్చుకునేదాన్ని. పడవల ఆకుపచ్చ, పడవల నీలం, పడవల కాషాయం, పడవల తెలుపు. యుద్ధ విమానం బూడిదరంగులో ఉండాలని మూత మీద బొమ్మ చెప్పింది. తెలుపులో దీపం మసి కలిపి, కిరసనాయిలు చుక్కలు వేసి, కొబ్బరి ఈనెతో కలిపితే అచ్చం మబ్బు పట్టిన గోదావరి రంగు తేలింది. ఎంత మురిసిపోయానో! మూడోనాడు చూస్తే రెక్కల మీద రంగు పొట్టులు పొట్టులుగా లేచిపోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ లేచింది. నాలుగోసారి భూతద్దంలోంచి చూసినట్టు పరీక్షగా చూస్తే, ఊడినచోటల్లా ఒకే ఆకారం. నా బొటనవేలి ముద్ర. వారానికి రెండుసార్లు మామ్మ నా మాడున గిద్దెడు కొబ్బరినూనె అద్ది జడ వేసేది. ఆ నూనె చెవుల మీదుగా, మెడ మీదుగా, జడ సర్దుకునే చేతుల మీదుగా విమానం దాకా వెళ్ళింది. నూనె మీద రంగు నిలవదు. ఏ దేశంలో ఏ పిల్లాడికీ రాని ఇబ్బంది అది. ఆ కాగితం మీద దానికి బొమ్మ లేదు.

ఇక మామ్మతో యుద్ధం.

“రాయే తలకి, నూనె రాస్తాను.”

“వద్దు మామ్మా, ఈ వేళ వద్దు.”

“ఏం, నూనె పెడితే తల బరువెక్కుతుందా? ఆ జుట్టు చూడు, కొబ్బరిపీచులా. రేపు చూసుకోవడానికి వచ్చేవాళ్ళు పీచు తూకం వేసి కొంటారనుకున్నావా?”

“కొనక్కర్లేదు. ఊరికే పట్టుకుపొమ్మను.”

“దీని నోరు చూడవే కోడలా! నీ నోట్లోంచే ఊడి పడింది.”

చివరికి నేనే సర్దుకున్నాను. రంగు వేసే రోజు సున్నిపిండితో మోచేతుల దాకా తోముకుని, జడ చుట్టి తువ్వాలు కట్టుకుని అటక ఎక్కేదాన్ని. అప్పటినుంచి ఒక్క పొట్టు లేవలేదు. నా బడిలో పిల్లలకి ప్రయోగం విఫలమైతే ఏం చెయ్యాలో చెప్పేటప్పుడు నేను చెప్పేది ఆ బొటనవేలి ముద్ర గురించే. పేరు చెప్పను, ‘ఒక అమ్మాయి’ అంటాను.

ఆ తువ్వాలు తలతోనే అమ్మకి దొరికిపోయాను. కురిడీలు దింపడానికి నిచ్చెన ఎక్కిన అమ్మ తల అటక అంచున తేలింది.

“ఏం చేస్తున్నావే అక్కడ? అయ్యో అయ్యో, వాడికని తెచ్చింది పాడు చేసేవూ?”

“పాడు చెయ్యలేదు. వాడు పాడు చేస్తే బాగు చేసేను.”

అమ్మ విమానాన్ని అరచేతిలోకి తీసుకుంది. అప్పటికి అది పూర్తయింది. అన్నయ్య విరిచిన అంచు ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. ఆ చూపులో మెచ్చుకోలు లేదని నేను అనను. తర్వాత గొంతు తగ్గించింది.

“మీ బాబాయికి నువ్వు చేసేవని తెలిస్తే ఇంకోటి తేరు. ఆడపిల్ల చేతికి బ్లేళ్ళూ జిగురూ ఇచ్చేరని మామ్మ నా దుంప తెంపుతుంది. వాడు చేసేడని చెబుతాను. నీకు విమానం కావాలా, పేరు కావాలా?”

“విమానమే” అన్నాను.

పదేళ్ళ పిల్లని అడిగే ప్రశ్నా అది? అయినా అడిగింది, నేను చెప్పాను. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. మాట ఇచ్చింది నేను. ఆ మాట ఇప్పించుకున్నది అమ్మ. అన్నయ్యని ఎవరూ ఏమీ అడగలేదు. వాడికి ఊరికే వచ్చింది.

ఇక గుర్తులు. విమానం రెక్కల మీద అంటించడానికి పెట్టెలో ఒక కాగితపు రేకు ఉండేది, ఏదో పరాయి దేశపు గుర్తులతో. దాన్ని నీళ్ళలో నానబెట్టాలని తెలియక గోటితో పీకాను, చిరిగింది. ఎలాగూ మనది మన దేశపు విమానమే కావాలనుకున్నాను. నాన్నగారి పేపర్లో ఒకసారి మన వాయుసేన విమానం ఫొటో పడింది. మూడు వలయాలు, ఒకదానిలో ఒకటి. పేపరు నలుపూ తెలుపూ. మూడు రంగులూ ఏవో జెండా చెబుతుంది. ఏది బయట, ఏది లోపల? అటక మీద కూర్చుని చాలా ఆలోచించాను. ఆకుపచ్చ బయట ఉండాలి, ఎందుకంటే మా ఊళ్ళో ఎటు చూసినా చుట్టూ ఉండేది అదే. కాషాయం నడిమధ్యన ఉండాలి, ఎందుకంటే బొట్టు ఉండేది మధ్యలో. నాకు అది ఎంత న్యాయంగా తోచిందంటే ఇంకెవరినీ అడగాలనిపించలేదు. అమ్మ తిలకం సీసా పుల్ల తుడిచి, కొసతో ప్రతి రెక్క మీదా నడిమధ్య గుండ్రంగా ఒక కాషాయపు బొట్టు పెట్టాను. తర్వాతి నాలుగింటికీ అలాగే పెట్టాను.

రెండేళ్ళ తర్వాత బాబాయి వచ్చినప్పుడు విమానం రేడియో పెట్టె మీద ఉంది. వస్తూనే ఆగిపోయారు.

“ఇదెవరు చేసేరు వదినా?”

“ఇంకెవరు మరిదిగారూ, వాడే. తిండి తినేవాడు కాదనుకోండి.” అమ్మ ఎంత తొందరగా అందంటే ఆయన ప్రశ్న ఇంకా గాల్లోనే ఉంది.

“ఒరేయ్ బాబ్జీ, నువ్వేనా?”

అన్నయ్య అమ్మ వైపు చూశాడు. “ఆయ్” అన్నాడు.

బాబాయి వాడి భుజం తట్టారు. తట్టి, మంచినీళ్ళ గ్లాసు అందిస్తున్న నా చేతి వంక చూశారు. ఆయన వస్తున్నారని ముందురోజే విమానానికి మళ్ళీ ఓ పూత వేశాను, గోళ్ళ సందుల్లో ఇంకా బూడిదరంగు. ఎంత తోమినా ఆ సందుల్లోది పోదు.  గ్లాసు తీసుకున్నారు. ఆ విడతలో ‘బాబ్జీకి’ నాలుగు విమానాలు వచ్చాయి. ‘బేబీకి’ ఎప్పటిలాగే రిబ్బన్లు. విప్పితే రిబ్బను చుట్ట లోపల మూడు సన్నటి కుంచెలు. ఒకదాని కొస రెండు మూడు వెంట్రుకలంత సన్నం. తెలిసే పెట్టారా? లేక కుంచెల మొనలు వంగిపోకుండా మెత్తటి బట్టలో చుట్టి, చుట్టింది మరిచిపోయారా? నలభై ఏళ్ళుగా ఈ రెండు పక్షాలూ నేనే వాదించుకుంటున్నాను. తెలిసే పెట్టారని వాదించే పక్షానికి ఇటీవలి దాకా సాక్ష్యం ఆ గోళ్ళు ఒక్కటే.

అలా నాలుగేళ్ళలో ఐదు విమానాలు. ఆఖరిసారి ఆయన సూట్‌కేసు తెరిచేనాటికి నాకు పద్నాలుగు దాటాయి. ఓణీ వేశారు. అటక ఎక్కడం అప్పటికే కష్టమైపోయింది, పరికిణీ కాళ్ళకి అడ్డం పడి కాదు, నిచ్చెన మీద కాలు పెడితే నలుగురి నోళ్ళూ లేచేవి. అయినా ఆ సాయంత్రం చాప మీద ముందు వరసలో కూర్చున్నాను. అన్నయ్యకి ఆ వేళ గడియారం వచ్చింది. పిలిచారు, వాడు లేచి తీసుకుని నా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. నాకు చీరంత పొడవున్న ఓణీ గుడ్డ. అమ్మకి చీర, మామ్మకి శాలువా. సూట్‌కేసు ఖాళీ అయిపోయిందనుకున్నాం. బాబాయి మళ్ళీ చెయ్యి లోపల పెట్టారు. అడుగున ఏదో పట్టుకున్నారు. మోచెయ్యి కాస్త పైకి లేచింది కూడా. నోరు తెరిచి, నా వంక చూసి, నవ్వబోయి, నా తల మీదుగా వెనక్కి చూశారు. చెయ్యి ఆగింది. ఒట్టి చేతిని బయటికి తీసి మూత వేసేశారు.

“అయిపోయేయండి అందరివీ” అన్నారు.

ఆ తర్వాత విమానాలు రాలేదు. కొట్టు మారానన్నారు. ఉన్న ఐదూ రేడియో మీదనుంచి షోకేసులోకి, అక్కడినుంచి అన్నయ్య పెళ్ళయ్యాక వాడి ఇంటికి, ఇంటినుంచి కాలేజీకి వెళ్ళాయి. నన్ను ఎవరూ అడగలేదు. పుట్టింటి గోడ గడియారాన్ని అడిగి మార్చరు కదా చోటు.

పోయిన నెల అన్నయ్య కాలేజీలో కొత్త లాబొరేటరీ తెరిచారు. ముఖ్య అతిథి వాయుసేనలో చేసి రిటైరైన ఒక పెద్దాయన. అద్దాల బీరువా దగ్గర ఆగి, కళ్ళజోడు సవరించుకుని, చాలా శ్రద్ధగా చూశారు. పని మీద గౌరవంతో చూసే చూపు అది. 

“చాలా బాగా చేసేరండి. అతుకులు ఎక్కడా కనబడట్లేదు. కాకపోతే ఒక్క పొరపాటండి. గుర్తు తిరగబడింది. కాషాయం బయట ఉండాలి, ఆకుపచ్చ లోపల.”

మా అన్నయ్య తడుముకోలేదు. నవ్వుతూ నన్ను చూపించాడు. “అది మా చెల్లెలి నిర్వాకమండి. చిన్నపిల్ల, నేనూ రంగేస్తానని ఏడిస్తే పోనీలే అని ఆ గుర్తులు దానికి వదిలేసేను.”

అందరూ నవ్వారు. ఎంత ముద్దొచ్చానో వాళ్ళకి! ఐదు విమానాలు వాడివి. వాటి మీద తప్పు ఒక్కటీ నాది.

“ఆయ్, తప్పు నాదేనండి” అన్నాను. “ఆ రంగు కింద ఏముందో కూడా నేను చెప్పగలను. మూడో విమానం ఎడమ రెక్క కింద అతుకు ఎలా పడిందో ఆయన్ని చెప్పమనండి.”

ఆ పెద్దాయన మా ఇద్దరి మొహాలూ చూశారు. అన్నయ్య పకపకా నవ్వాడు. “మా చెల్లెలు టీచరండి. ఎక్కడున్నా పరీక్ష పెట్టేస్తుంది.” మళ్ళీ నవ్వులు. రిబ్బను కత్తిరించారు. తర్వాత వాడు అరగంట మాట్లాడాడు, ఆడపిల్లల్ని సైన్సులో ప్రోత్సహించాలని. ఈ రోజుల్లో ఆడపిల్లలు యుద్ధ విమానాలే నడుపుతున్నారని. చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను, ఎందుకంటే ఆ మాట నిజం. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఫోన్లో చూసుకుంటూ బల్లమీద, అందరి ముందూ, డ్రోన్ బిగిస్తున్నారు. పని ముగిశాక అట్ట మీద తమ పేర్లు పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుంటున్నారు. వాళ్ళని విమానం కావాలా, పేరు కావాలా అని అడిగితే, ఇదేం ప్రశ్న టీచర్ గారూ అంటారు. వాళ్ళని చూసి సంతోషించాలి. సంతోషిస్తాను కూడా, మధ్యాహ్నం దాకా.

కారెక్కుతుంటే అమ్మ అంది, “నలుగురిలో వాడి పరువు తీసేవు.” నా పరువు సంగతి ఆ కారులో ఎవరికీ తట్టలేదు.

వారం తిరక్కుండా పిన్ని కబురు చేసింది. బాబాయిగారి వస్తువులు సర్దుతోంది. అటక మీంచి ఆ పాత సూట్‌కేసు దింపించింది. వెళ్ళేసరికి చాప మీద మూత తెరిచి ఉంది. వాసన ఏమీ లేదు, బొద్దింకల మందు తప్ప.

“ఇది నీకేమో చూడమ్మా బేబీ” అంది.

సూట్‌కేసు అడుగున, పాత లుంగీ కింద, అట్టపెట్టె. ఈ పెట్టెకి ఒక్క మూలా నలగలేదు. పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఇంకా చిరగలేదు. మూత మీద యుద్ధ విమానం. మూలన పసుపు పట్టిన ప్లాస్టరు ముక్క, దాని మీద వెలిసిన నీలం పెన్ను. ‘బేబీకి.’

“ఎప్పటిది పిన్నీ ఇది?”

“నీకు ఓణీలేసిన ఏడు తెచ్చేరమ్మా. ఇవ్వలేదా అని ఒకసారి అడిగేను. తర్వాత ఇస్తాలే అన్నారు. మళ్ళీ అడిగితే, ఇంకెందుకులే అన్నారు. అంతే. నాకింకేం తెలీదు.”

అట్ట నలగని పెట్టె. అంటే ఊరికే వచ్చింది కాదు, నా కోసం ఎంచి తెచ్చింది. నా పేరు రాసి తెచ్చింది. ఆయనకి తెలుసు. ఆ గోళ్ళు చూసిన రోజునుంచీ తెలుసు. తెలిసినా తెచ్చారు. ‘నువ్వు చేసేవని తెలిస్తే ఇంకోటి తేరు’ అన్న అమ్మ మాట తప్పని ఆ ప్లాస్టరు చెబుతోంది. ఆ ఒక్క మాట నమ్మి నేను పేరు వదులుకున్నాను.

ఇంటికి తెచ్చి తెరిచాను. జిగురు ట్యూబు రాయయిపోయింది. గుర్తుల రేకు పొడిపొడి. ముక్కలు మాత్రం కాడలకి అంటుకుని అలాగే ఉన్నాయి, కొయ్యని గెలలా. కళ్ళజోడు పెట్టుకుంటే గానీ నంబర్లు కనబడటం లేదు. రోజుకి రెండేసి ముక్కలు కోస్తున్నాను. సున్నిపిండితో చేతులు కడుక్కుంటున్నాను, ఇప్పుడు నా జుట్టుకి ఎవరూ నూనె రాయకపోయినా.

అన్నయ్యని అడిగాను. “బాబాయి మర్చిపోయుంటాడే” అన్నాడు. మర్చిపోకూడదనే ప్రతిదాని మీదా ప్లాస్టరు అంటించిన మనిషి. అమ్మని అడిగాను. అన్నయ్య వాళ్ళింట్లో బల్ల దగ్గర చిక్కుడుకాయలు వలుస్తోంది. “ఏ సూట్‌కేసు? ఏ మూత? నీకేం లోటు చేసేమే మేం, చదివించలేదా?” అంది. తలెత్తలేదు. ఒక్కొక్క కాయా ఈనె తీసి, విరిచి, గిన్నెలో వేస్తూనే ఉంది. మామ్మని అడగడానికి లేదు.

ఆ సాయంత్రం నా వెనక ఉన్నది ముగ్గురే. గోడకి చేరబడిన మామ్మ, ఓణీ వేసిన పిల్లకి ఇలాంటివి ఇస్తే ఊరుకునే మనిషి కాదు. కొత్త గడియారం పెట్టుకున్న అన్నయ్య, తన పేరుతో చెల్లిన పని మళ్ళీ చెల్లెలి పేరుకి పోతుందని పదహారేళ్ళవాడికి తెలియకపోదు. గుమ్మంలో అమ్మ, నా పేరు పిలిస్తే రెండేళ్ళ కిందట మరిదికి చెప్పిన అబద్ధం అందరి ముందూ బయటపడుతుంది. మామ్మ అయితే క్షమిస్తాను, ఆవిడ కాలం అది. అన్నయ్య అయితే ఆశ్చర్యం లేదు. మూడో మొహం దగ్గరికి వచ్చేసరికి నా వాదనలన్నీ ఆగిపోతున్నాయి.

బాబాయిగారూ, పెట్టె మీ చేతిలో ఉంది, నా పేరు మీ నోటి దాకా వచ్చింది. నా తల మీదుగా మీరు చూసి ఆగిపోయిన ఆ మొహం ఎవరిది?